మార్జిన్‌లో చేసిన లెక్క

పోయిన శనివారం బడిలో ఒక పాప పరీక్ష కాగితం నా చేతికి వచ్చింది. వారం రోజులుగా అది నా సంచిలోనే ఉంది.

నేను శనివారాలు హసన్‌పర్తి వైపు ఒక సర్కారు హైస్కూల్‌కు వెళ్తున్నాను. చదువులో వెనకబడిన పిల్లలకు ఒక్కొక్కరికి ఒక పెద్దమనిషిని జత చేసే కార్యక్రమం అక్కడ నడుస్తోంది. మమ్మల్ని మెంటర్లు అంటారు. చాలామంది నాలాగే ఉద్యోగం అయిపోయి ఇంట్లో ఉన్నవాళ్లు. నేను కాలేజీ లైబ్రరీలో పనిచేసి రిటైరయ్యాను. ఒక్కదాన్నే ఉంటాను. శనివారం పూట ఎవరో ఒకరు నా కోసం ఎదురుచూస్తారన్నది నాకూ అవసరమే. ఆ మాట దరఖాస్తులో రాయలేదు.

మూడు నెలలకోసారి పిల్లలకు ఒక పరీక్ష పెడతారు. పాసైన పిల్ల మామూలు క్లాసుకు వెళ్లిపోతుంది, ఆ మెంటర్‌కు ఇంకో పిల్లను ఇస్తారు. నాకిచ్చిన పాప ఏడో తరగతి. అమ్మమ్మ దగ్గర ఉంటుంది. మాట తక్కువ. ఈ మూడు నెలల్లో నాతో ఆమె మాట్లాడిన మాటలన్నీ ఒక పేజీలో పట్టేస్తాయి. అయినా ప్రతి శనివారం నా కంటే ముందు వచ్చి, బెంచీ మీద నా వైపు దుమ్ము తుడిచి కూర్చునేది.

కార్యక్రమం చూసుకునే అమ్మాయి పోయిన వారం కాగితం తెచ్చి నా ముందు పెట్టింది. "మేడమ్, మీ పాపకు ఈసారి గూడ రాలే. అంకెలన్నీ ఉల్టా రాస్తాంది. నలభై ఎనిమిది రావాల్సిన కాడ ఎనభై నాలుగు. జర డాక్టర్‌కు చూపియ్యాలేమో. మీరు ఫికర్ చెయ్యకుండ్రి. ఇంకో మూడు నెలలు మీతోనే ఉంటది."

పాప అప్పటిదాకా తల వంచుకుని ఉంది. "మీతోనే ఉంటది" అన్నప్పుడు ఒక్కసారి తలెత్తి, మళ్లీ వంచుకుంది.

నేను కాగితం చూశాను. జవాబు గీతల మీద అన్నీ తిరగేసిన అంకెలే. ఎడమ పక్క మార్జిన్‌లో, లెక్క చేసుకున్న చోట, సన్నటి పెన్సిల్ రాతలో నలభై ఎనిమిది నలభై ఎనిమిదిగానే ఉంది. ముప్పై ఆరు ముప్పై ఆరుగానే ఉంది. మొత్తం ఏడు లెక్కలు. ఏడూ అంతే.

ఆ అమ్మాయికి ఏమీ చెప్పలేదు. కాగితం సంచిలో పెట్టుకుని ఇంటికి వచ్చాను.

* * *

అప్పుడు నేనూ ఏడో తరగతే. మా ఇల్లు బట్టల మిల్లు వెనక వాడలో ఉండేది. రెండు గదులు, ముందు చిన్న అరుగు. మిల్లు సైరన్‌తోనే వాడంతా లేచేది, తినేది, పండుకునేది. ఇప్పుడు మిల్లు లేదు. ఆ వాడలో పెరిగినవాళ్లం ఎక్కడైనా కలిస్తే ఆ సైరన్ మాట ఒకసారి వస్తుంది, తర్వాత ఏం మాట్లాడాలో తోచదు.

మా నాయన మిల్లులో దారం తీసే విభాగంలో పనిచేసేవాడు. పని నుంచి వచ్చేటప్పుడు తల మీద, కనుబొమ్మల మీద దూది ఉండేది. ఆయన షిఫ్టు, నా బడి ఎదురుబొదురు. నేను వచ్చేసరికి ఆయన వెళ్లేవాడు, ఆయన వచ్చేసరికి నేను నిద్రలో ఉండేదాన్ని. వారానికి ఒక రోజు సెలవుండేది. ఆ రోజంతా నిద్రపోయేవాడు.

ఆ ఎండాకాలంలోనే అవ్వ, నన్ను కన్న తల్లి, పోయింది. నన్ను చూసుకోవడానికి మేనత్త వచ్చింది. ఆమె చెడ్డది కాదు. వేళకు జొన్న గట్క వండి పెట్టేది. పుంటికూర పప్పు చేస్తే వాడలో సగం ఇండ్లకు ఆ వాసన పోయేది. తల దువ్వేది, గట్టిగా దువ్వేది. కానీ ఆమెకు ఆమె దుఃఖాలు చాలా ఉన్నాయి. నాతో మాట్లాడే తీరిక లేదు. పక్కింటామెతో మాత్రం అరుగు మీద కూర్చుని నా గురించి నా ముందే మాట్లాడేది.

"పిల్లతోని పెద్ద కష్టమున్నది వదినా. గోడకు చెప్పినట్టే."

"అవ్వ యాదికొస్తాందేమో పాపం."

"యాదికొస్తే ఏడ్వాలె గద! ఏడ్సుడు లేదు, నవ్వుడు లేదు. అన్నం పెడితే తింటది, పెట్టకుంటే అడగది. మొన్న కూర ఎయ్యుడు మర్సిన. ఉత్త అన్నం తిని చెయ్యి కడుక్కున్నది, ఒక్క మాటంటే ఒట్టు."

అది నిజమే. నాకు అడగడం రాకుండా పోయింది. అవ్వ ఉన్నప్పుడు అన్నిటికీ అడిగేదాన్ని. ఆమె దవాఖానలో ఉన్నప్పుడు, ఇంటికి ఎప్పుడొస్తుందని చాలాసార్లు అడిగాను. పెద్దవాళ్లు నాకు నిజం చెప్పలేదు. ఆ తర్వాత అడగడం మానేశాను.

బడిలోనూ అంతే. అర్థం కాకపోతే అర్థం కానట్టే కూర్చునేదాన్ని. మొదటి పరీక్షలో లెక్కల్లో నాకు తొమ్మిది మార్కులొచ్చాయి.

* * *

మాది ఆడపిల్లల బడి. పెద్ద టీచరమ్మ ఒక పద్ధతి పెట్టింది. లెక్కల్లో తప్పిన చిన్న పిల్లలకు ఒక్కొక్కరికి పై తరగతి పిల్లను జత కట్టేది. ప్రార్థనకు ముందు అరగంట, వరండాలో, ఆ జత కూర్చుని చదవాలి. ఆఫీసు పక్కన ఒక నల్లబల్ల మీద జతల పేర్లన్నీ సుద్దతో రాసి ఉండేవి. చిన్న పిల్ల పాసైతే పెద్ద పిల్లే వెళ్లి తన చేత్తో ఆ రెండు పేర్లు తుడిచేసేది. తుడిచాక ఇంకో చిన్న పిల్ల పేరు పక్కన ఆమె పేరు రాసేవారు.

పాస్ కాకపోతే, మార్కులు చదివే సోమవారం ప్రార్థనలో ఆ చిన్న పిల్ల అందరి ముందుకు వచ్చి నిలబడాలి. ఆమె పక్కన నేర్పిన పిల్ల కూడా నిలబడాలి. మేమంతా దాన్ని ఇద్దరికీ కలిపి వేసే శిక్ష అనుకునేవాళ్లం.

నాకు జత కట్టిన అక్క తొమ్మిదో తరగతి. బజారులో వాళ్లకు కిరాణా దుకాణం. దుకాణం వెనకే ఇల్లు. అందుకే ఆమె వచ్చి కూర్చోగానే ధనియాలు, ఎండుమిరపకాయలు, గోనెసంచి కలిసిన వాసన వచ్చేది. నాకు మొదట తుమ్ములొచ్చాయి.

"ఏం రాదు నీకు?" అంది.

"ఏం రాదు."

"ఏం రానోళ్లు ఎవ్వరుండరు. ముక్కు మీద కోపమొస్తదా?"

"వస్తది."

"గదొక్కటి వస్తది గద. ఆడికెళ్లి మొదలువెడ్దాం తియ్."

నేను నవ్వలేదు. ఆమె నవ్వింది. ముందు పండ్ల మధ్య సందు ఉండేది.

అక్క బడికి పుస్తకాలతో పాటు పాత పేపర్ల కట్ట, ఒక డబ్బాలో అంటించడానికి మైదా లై తెచ్చుకునేది. దుకాణానికి కావలసిన పొట్లాలు ఆమే చేయాలి. ఇంట్లో తల్లి మంచం పట్టి ఉంది. కింద ముగ్గురు చిన్నపిల్లలు. తెల్లవారి లేచి వంట చేసి, వాళ్లకు నీళ్లు పోసి, తల్లికి తినిపించి వచ్చేసరికి పొట్లాలకు టైముండేది కాదు. అందుకని నాకు చదువు చెప్తూ పొట్లాలు చేసేది. నా చేత కూడా చేయించేది. మా వరండా పక్కనే పిల్లలకు పగటిపూట ఉప్మా వండే రేకుల షెడ్డు. అక్కడ వండే ఆయమ్మ కట్టెలు పేర్చుకుంటూ, "ఏమే, పొద్దుగాల్నే దుకాణం తెరిసిన్రా? నాకు పావుకిలో బెల్లం కట్టుండ్రి" అనేది.

"బాకీ పెట్టం ఆయమ్మా" అనేది అక్క.

నాకు భిన్నాలు ఆ పొట్లాల మీదే వచ్చాయి. అక్క పేపరు మధ్యకు మడిచి, "ఎన్నైనయి?" అనేది. రెండు. మళ్లీ మడిచి, "ఇప్పుడు?" నాలుగు. మళ్లీ మడిచేది. "ఎనిమిదిట్ల మూడు చూపియ్" అంటే నేను మడతలు విప్పి మూడు గళ్ల మీద చెయ్యి పెట్టేదాన్ని. పుస్తకంలో ఒకదాని మీద ఒకటి నిలబెట్టి రాసిన అంకెలు అప్పటిదాకా నాకు అంకెలే. ఆ పేపర్ల మీద అవి ముక్కలయ్యాయి. ముక్కలను లెక్కపెట్టడం కష్టం కాదు.

పేపర్ల మీద ఉన్నవి చదవడం కూడా అక్కడే అలవాటైంది. సగం వార్తలే ఉండేవి. ఎక్కడో రైలు పట్టాలు తప్పింది, ఎవరికేమైందో ఇంకో ముక్కలో ఉండేది. ఆ ముక్క అప్పటికే పొట్లమై పోయేది. నేను చదువుతూ ఆగిపోతే అక్క మోచేతితో పొడిచేది. "మడువు పిల్లా! గా రైలు నీ కోసం ఆగదు." కొన్నాళ్లకు కథలున్న పేజీలు చించకుండా పక్కకు పెట్టి నాకు తెచ్చివ్వడం మొదలుపెట్టింది. లైబ్రరీలో అన్నేళ్లు పుస్తకాల మధ్య ఎలా కూర్చున్నావని నన్ను అడిగినవాళ్లకు నేను వేరే ఏవో కారణాలు చెప్పాను. అసలు కారణం ఇది.

ఒక్క విషయంలో మాత్రం కఠినంగా ఉండేది. లెక్క నోట్లో చేయనిచ్చేది కాదు. మార్జిన్‌లో ప్రతి మెట్టూ రాయాలి.

"సారు జవాబే చూస్తరు గద అక్కా?" అన్నాను.

"సారు జవాబే చూస్తడు. మార్జిన్ నేను చూస్త" అంది.

సోమవారాలు సర్వపిండి తెచ్చేది. అది వేళ్లతో అద్ది, మధ్య మధ్య బొక్కలు పెట్టి కాల్చిన రొట్టె. నువ్వులు, పల్లీలు పంటికి తగిలేవి. అడుగు మాడి, ఆ మాడు వాసనే బాగుండేది. పేపర్లో చుట్టి తెచ్చేది కాబట్టి నూనెకు అక్షరాలు అంటుకుని రొట్టె మీద అద్దంలోలా తిరగబడి కనిపించేవి. "సగం నీది" అనేది. ఎప్పుడూ పెద్ద సగం నాకే వచ్చేది. రెండు సగాల్లో పెద్దది చిన్నది ఉండదని ఆమే నాకు నేర్పింది. ఆ మాట అంటే, "తినేటప్పుడు లెక్కలొద్దు" అనేది.

ప్రార్థన గంట కొట్టగానే ఆమె లేచిపోయేది. ఆ గంట తర్వాత రోజంతా నేను ఒక్కదాన్నే.

ఒకరోజు ఆమె చెప్పు ఒకటి తీసి ఉప్మా షెడ్డులో కట్టెల వెనక దాచాను. గంట కొట్టారు. అందరూ వెళ్లిపోయారు. అక్క వరండా అంతా వెతికింది. ఆయమ్మ వెతికింది. నేను కూడా వెతికినట్టు నటించాను. అలా ఇంకో పది నిమిషాలు ఆమె నాతో ఉంది. చివరికి ఆయమ్మ కట్టె లాగితే చెప్పు బయటపడింది.

"కుక్క ఎత్తుకవోయినట్టున్నది" అంది ఆయమ్మ.

"అవునవును. రెండు కాళ్ల కుక్క" అంది అక్క, నా వైపు చూడకుండా. ఆలస్యమైనందుకు వాళ్ల టీచరు ఆమెను ఆ పీరియడంతా బయట నిలబెట్టింది. కిటికీలోంచి నాకు కనిపించింది. నా వైపు చూసి నాలుక బయటపెట్టింది.

* * *

రెండో పరీక్ష దగ్గరికొచ్చింది. నాకు లెక్కలు వస్తున్నాయని నాకు తెలుసు, అక్కకు తెలుసు. ఆరో తరగతిలో రెండు జడల పిల్ల ఒకతె ఉండేది. దానికి జత ఇంకా దొరకలేదు. "మీ అక్క మంచిగ చెప్తదట గద. నువ్వు పాసైతే నాకిస్తరట" అంది నాతో ఒకరోజు, ఉప్మా లైన్‌లో. ఆ రోజు నేను ఉప్మా తినలేదు.

పరీక్షకు రెండు రోజుల ముందు అక్క పొట్లం అంటిస్తూ మామూలుగా చెప్పింది. "మా బాపు నన్ను బడి మాన్పిస్తానన్నడు. ఇంట్ల పని ఎల్తలేదు. పెద్ద టీచరమ్మ పిలిపిచ్చి మాట్లాడింది. ఈ పిల్ల పెద్దయితే టీచరైతది, ఇది ఎట్ల చెప్తదో నువ్వే చూడు, తొమ్మిది మార్కుల పిల్లను పాస్ చేస్తాంది అన్నది. బాపు ఏమన్నడో ఎరికేనా? సరే అమ్మా, మార్కులు సదివే రోజు నేనే వచ్చి చూస్త, గా పిల్ల పాసైతే ఇంకో యేడు పంపుత అన్నడు."

నేను చేతిలో ఉన్న పేపరు ఇంకోసారి మడిచాను.

"అంటే నువ్వు పాసైతే నేను పాసైనట్టు. ఇనవడ్డదా?"

వినపడింది. కానీ పెద్దవాళ్లు పిల్లల చేత చదివించడానికి ఇలాంటివి ఎన్నో చెప్తారని అప్పటికే నా నమ్మకం. బాగా చదివితే అవ్వకు నయమైతదని కూడా నాకు చెప్పారు. నేను ఆ మాటను కూడా ఆ లెక్కలోనే వేసుకున్నాను. నా కళ్ల ముందు ఉన్నది నల్లబల్ల. దాని మీద మా రెండు పేర్లు. వాటిని అక్క తన చేత్తో తుడుస్తుంది. ఆ రెండు జడల పిల్ల నా చోట కూర్చుని పెద్ద సగం తింటుంది.

పరీక్షలో అన్ని లెక్కలూ చేశాను. మార్జిన్‌లో మెట్టు మెట్టుగా, అక్క చెప్పినట్టే. జవాబు గీత మీదకు వచ్చేసరికి ఒకటి తగ్గించి రాశాను. డెబ్బై రెండు వస్తే డెబ్బై ఒకటి. పదిహేను వస్తే పద్నాలుగు. ఊరికే వదిలేయడం కంటే అదే తేలికనిపించింది. ఎవరైనా నమ్ముతారనీ అనిపించింది. రాస్తున్నంతసేపూ నాకు భయం లేదు. చెప్పు దాచినప్పటి లాగే ఉంది.

* * *

మార్కులు చదివే సోమవారం సన్నటి వాన పడుతోంది. ప్రార్థన వరండాలోనే పెట్టారు. ఆఫీసు గుమ్మం దగ్గర ఒక స్టూలు మీద తెల్ల ధోతి కట్టుకున్న మనిషి, మడిచిన గొడుగు మోకాళ్ల మధ్య పెట్టుకుని కూర్చున్నాడు. ధనియాల వాసన నాకు ముందే వచ్చింది. అప్పుడు తెలిసింది, అక్క చెప్పినది నిజమని.

నా పేరు చదివారు. మార్కులు చదివారు. పాస్ మార్కులో సగం కూడా లేవు. నేను ముందుకు వెళ్లి నిలబడ్డాను. అక్క వాళ్ల వరుసలోంచి వచ్చి నా పక్కన నిలబడింది. ఆమె పాదాలకు తడి మట్టి ఉంది. నేను అవే చూశాను.

లెక్కల సారు కాగితం అక్క చేతికి ఇచ్చాడు. నేర్పిన పిల్లకే ఇవ్వడం అక్కడి పద్ధతి. అక్క దాన్ని చాలాసేపు చూసింది. ఒక పక్కా చూసింది, తిప్పి రెండో పక్కా చూసింది. తర్వాత మధ్యకు మడిచి, మళ్లీ మడిచి నా చేతిలో పెట్టింది.

"ఏం గాదు తియ్" అంది మెల్లగా.

ప్రార్థన అయ్యాక ఆయన ఆఫీసులోకి వెళ్లాడు. నేను గుమ్మం పక్కన గోడకు ఆనుకుని నిలబడ్డాను. పెద్ద టీచరమ్మ గొంతు చాలాసేపు వినిపించింది. ఆ తర్వాత ఆయన గొంతు. గట్టిగా లేదు, కోపంగా కూడా లేదు.

"మీ మాట మీద గౌరవం లేక కాదమ్మా. మీరు చూడుమన్నరు, చూసిన. ఇంతమంది ముంగట నా బిడ్డ తల వంచుకొని నిలబడ్డది. ఇంటికాడ దాని తల్లి మంచంల ఉన్నది. నీళ్లిచ్చేటోళ్లు లేరు. ఇగ సాలమ్మా."

మడిచిన కాగితం నా పిడికిట్లో ఉంది. లోపలికి వెళ్లి అది విప్పి మార్జిన్ మీద వేలు పెడితే చాలు. మాట కూడా అక్కర్లేదు. గుమ్మం నాకు రెండడుగుల దూరం. నేను గోడకు అంటుకుని అలాగే ఉన్నాను. వాన నీళ్లు ఉప్మా షెడ్డు రేకుల మీద నుంచి కారుతుంటే చూస్తూ ఉన్నాను.

అక్క బయటికి వచ్చి పుస్తకాలు తీసుకుంది. "పా బిడ్డా" అని ఆయన ఆమె మీదకు గొడుగు పట్టాడు. తాను తడుస్తూ నడిచాడు. గేటు దాటేటప్పుడు అక్క వెనక్కి చూడలేదు. చూసి ఉంటే నేనేం చేసేదాన్నో తెలియదు.

లై డబ్బా వరండాలోనే ఉండిపోయింది. కొన్నాళ్లు దానికెవరూ చెయ్యి పెట్టలేదు. లై ఎండి పగిలింది. ఆయమ్మ దాన్ని కడిగి ఉప్పు పోసుకుంది.

నేను మరుసటి రోజు, ఆ మరుసటి రోజు కూడా ప్రార్థనకు అరగంట ముందే వెళ్లి వరండాలో కూర్చున్నాను. నాకు ఇంకో జత కట్టలేదు. పెద్ద పరీక్షలో లెక్కల్లో క్లాసులో రెండో మార్కు నాది. సారు ఆశ్చర్యపోయి, "ఎవరు చెప్పిన్రే నీకు?" అన్నాడు.

"ఎవ్వలు చెప్పలే సార్" అన్నాను.

* * *

ఆ తర్వాత చాలా ఏళ్లు నేను ఆ బజారులో నడవలేదు. చుట్టు తిరిగి పోయేదాన్ని. ఉద్యోగం వచ్చి, నాయన పోయి, మేనత్త పోయి, నేను ఒక్కదాన్నే అయ్యాక ఒకరోజు వానకు ఒక కిరాణా దుకాణం పంచన నిలబడాల్సి వచ్చింది. ఊరికే నిలబడలేక కందిపప్పు అరకిలో ఇవ్వమన్నాను. గల్లా దగ్గర కూర్చున్నామె తూకం చూస్తూనే, "ఏడో క్లాసు. ముక్కు మీద కోపం" అంది.

పెళ్లయి ఆ దుకాణానికే వచ్చిందట. మనిషి లావైంది. పండ్ల మధ్య సందు అలాగే ఉంది. నన్ను లోపలికి పిలిచి స్టూలు వేసింది.

"ఏం చేస్తానవ్?"

"కాలేజీ లైబ్రరీల పనిచేస్తాన అక్కా."

"పుస్తకాల నడుమ కూసుంటవా దినమంతా? మంచిగైంది. ఇప్పుడన్న రైలు సంగతి పూర్తిగ దొరికిందా?"

నవ్వాను. ఆమె పప్పు ప్లాస్టిక్ సంచిలో పోసి ముడి వేసింది. పొట్లాలు అప్పటికే పోయాయి. ముడి వేస్తూ, తల ఎత్తకుండా అంది. "గా కాగితం నేను మొత్తం చూసిన. జవాబులన్నీ ఒకటి తక్కువ. మార్జిన్ల అన్నీ రైటే."

నేను స్టూలు మీంచి లేచి నిలబడ్డాను.

"ఆణ్నే చెప్పకపోయినవా అక్కా" అన్నాను.

"చెప్తే? సారు చేతిల బెత్తం ఉండె. నీ ఈపు చూస్తే ఎముకలు లెక్కవెట్టచ్చు అప్పుడు." సంచి నా వైపు జరిపి మళ్లీ అంది. "నిలవడుడంటే మీరంత శిక్ష అనుకునేటోళ్లు గద? శిక్ష గాదే. పెద్ద టీచరమ్మ మాకు జత కట్టే రోజే చెప్పింది. ఫెయిలైన పిల్ల ఒక్కతే నిలవడద్దు, పక్కకు ఒకలుండాలె అని. మా బాపుకు అప్పటికి గా సంగతి తెల్వదు. తర్వాత ఎంత చెప్పినా ఆయనకు కనవడ్డదే కనవడ్డది."

వాన తగ్గింది. ఆమె నన్ను, ఎందుకు అలా రాశావని అడగలేదు. నేను చెప్పలేదు.

ఆ తర్వాత నెలకోసారి వెళ్లి ఆ దుకాణంలోనే పప్పు కొన్నాను. ఒక్క మనిషికి అంత పప్పు అవసరం లేదు. స్టూలు మీద కాసేపు కూర్చునేదాన్ని. ధరలు పెరిగాయనేది, మనవరాలి చదువు సంగతి చెప్పేది. చెప్పాలనుకున్న మాట ప్రతిసారీ గుమ్మం దాకా తీసుకెళ్లి, ప్రతిసారీ వెనక్కి తెచ్చుకున్నాను.

పోయిన వానాకాలంలో వెళ్తే షట్టర్ దించి ఉంది. దానికి శ్రద్ధాంజలి ఫ్లెక్సీ కట్టారు. ఫొటోలో నోరు మూసి ఉంది, పండ్ల సందు కనిపించడం లేదు. పక్క దుకాణం అతను, "మీరు ఆమెకు ఏమైతరమ్మా?" అన్నాడు.

ఏమవుతానో నాకు చెప్పరాలేదు.

ఆ నెలలోనే బడివాళ్లకు దరఖాస్తు పెట్టాను.

* * *

ఈ రోజు మళ్లీ శనివారం. పొద్దున బడికి వెళ్లాను. పాప నా కంటే ముందే వచ్చి బెంచీ తుడిచి పెట్టింది. నేను కాగితం తీసి ముందు పెట్టి, మార్జిన్ మీద వేలు పెట్టాను.

"ఇవి ఎవలు చేసిన్రు?"

పాప చెవులు ఎర్రబడ్డాయి.

"మంచిగ చేసినవ్. అన్నీ రైటే." మార్జిన్ మీద నుంచి వేలు తీశాను. "నువ్వు పాసైనంక గూడ నేను శనివారం వస్త."

"మీకు వేరే పాపనిస్తరు."

"ఇయ్యనీ. ఆ పాపతోని ఒక గంట, నీతోని ఒక గంట. నాకింట్ల ఏం పనున్నది?"

ఆమె చాలాసేపు పెన్సిల్ మొన వైపు చూసింది. "ఎన్ని రోజులు వస్తరు?"

అబద్ధం చెప్పాలనిపించలేదు. "నా కాళ్లు నడిచినన్ని రోజులు."

"మోకాళ్ల నొప్పులని చెప్పిన్రు గద పోయినసారి."

"ఉన్నయి. మెల్లగ వస్త."

పాప కాగితం తన వైపు జరుపుకుంది. ఎనభై నాలుగును రబ్బరుతో తుడిచి, కాగితం చిరగకుండా ఊది, నలభై ఎనిమిది రాసింది. తర్వాత రెండోది. నేను పక్కన కూర్చుని ఏడూ అయ్యేదాకా చూశాను.

తిరిగి వచ్చేటప్పుడు ఆటో బజారు మీదుగా వచ్చింది. ఫ్లెక్సీ తీసేశారు. షట్టర్ సగం ఎత్తి ఉంది, లోపల ఎవరో దుమ్ము దులుపుతున్నారు.

పాసైనంక గూడ వస్తవా అక్కా అని ఆ వరండాలో ఒక్కసారి అడిగి ఉంటే ఆమె ఏమనేదో నాకు తెలుసు. గొంతుతో సహా తెలుసు. పొట్లం అంటిస్తూ, తల ఎత్తకుండానే, "వస్త గని, ముందుగాల గా లెక్క చెయ్" అనేది.

నేను అడగలేదు.